వేడెక్కాక ఆగిపోతున్న సెకండ్ హ్యాండ్ డీజిల్ వ్యాన్: ముందు ఏం చూడాలి?

సాగర్‌రోడ్డు, నల్గొండ

అన్నలందరికీ నమస్తే. ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ వ్యాన్ తీసుకున్నాను. 2013 మోడల్, ఏపీ 24 నంబర్, బీఎస్ 3 కామన్ రైల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు. రాత్రి బత్తాయి లోడు వేసుకుని హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోతాను. పొద్దున దించేసి, మలక్‌పేట గంజ్‌లో సరుకు దొరికితే ఎక్కించుకుని మధ్యాహ్నం తిరిగి బయలుదేరుతాను.

పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిప్పలంతా వచ్చేటప్పుడే. ఎండలో గంటకు పైగా నడిచాక పికప్ తగ్గుతుంది. పంతంగి టోల్ క్యూలోనో, చిట్యాల దాటాకనో ఆగిపోతుంది. సెల్ఫ్ గట్టిగానే తిరుగుతుంది, స్టార్ట్ మాత్రం కాదు. ముప్పావు గంట చెట్టు కింద ఆపితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. టెంపరేచర్ ముల్లు మధ్య దాటదు, రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం లేదు.

ఒక మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ అన్నాడు, ఇంకొకాయన డీజిల్ పంపు దించాలన్నాడు, మూడో ఆయన ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందన్నాడు. ఇప్పటికి డీజిల్ ఫిల్టర్, బ్యాటరీ మార్చాను. బండికి ఫైనాన్స్ ఉంది, ప్రతిదీ మార్చి చూసే స్తోమత లేదు. ముందు ఏం చూడాలో వరుసగా చెప్పండి.


చిట్యాల_వైరింగ్

బ్రదర్, వేడికి ఆగి, చల్లారాక స్టార్ట్ అవుతుందంటే ముందు అనుమానించాల్సింది క్రాంక్ సెన్సర్‌ను. అందులో సన్నటి కాయిల్ ఉంటుంది. వేడికి ఆ తీగ సాగి లోపల ఎక్కడో కనెక్షన్ విడిపోతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. సిగ్నల్ లేకపోతే ఇంజిన్ తిరుగుతున్నట్టే ఈసీయూకు తెలియదు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను తెరవదు. ఖర్చు కూడా తక్కువే. ఈసీయూకు కరెంటు ఇచ్చే మెయిన్ రిలే, దాని కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్) కూడా చూపించండి.


పాలమూరు_డీజిల్, మహబూబ్‌నగర్

తమ్ముడూ, ఏదీ కొనకముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాయి. వాటితోనే సగం దారి తేలిపోతుంది.

ఆగేటప్పుడు తాళం తిప్పి ఆపేసినట్టు టక్కున ఆగుతుందా, లేక ముందు లాగలేక, జర్కులు కొట్టి ఆగుతుందా? ఆగాక సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టు, తెల్ల పొగ ఏమైనా వస్తోందా? ఆ సమయంలో ట్యాంకులో డీజిల్ ఎంత ఉంటుంది? చెక్ లైట్ వెలుగుతుందా?

పొగ వస్తే డీజిల్ సిలిండర్‌లోకి పోతోంది కానీ మండడం లేదని అర్థం. చుక్క పొగ కూడా లేకపోతే ఇంజెక్టర్లు అసలు కొట్టడమే లేదు. ఈ రెండూ పూర్తిగా వేరు వేరు దారులు. హెడ్ గ్యాస్కెట్ మాట ఇప్పుడు పక్కన పెట్టు. నీళ్లు తగ్గకుండా, ముల్లు పైకి పోకుండా హెడ్ దింపించుకోవద్దు.


సాగర్‌రోడ్డు, నల్గొండ

అన్నా, టక్కున ఆగదు. ముందు నాలుగో గేర్‌లో లాగదు, తర్వాత జర్కులు, ఆ తర్వాత ఆగుతుంది. ఈసారి పక్కన వచ్చిన హమాలీ తమ్ముడిని వెనక నిలబెట్టి చూశాను, పొగ అసలు లేదు. చెక్ లైట్ ఆగడానికి కాస్త ముందు వెలుగుతుంది, మళ్లీ స్టార్ట్ అయ్యాక పోతుంది. డీజిల్ వచ్చేటప్పటికి పావు ట్యాంకు, ఇంకా తక్కువ కూడా ఉంటుంది. పోయేటప్పుడు ఇక్కడ కొట్టించుకుని పోతాను.


పాలమూరు_డీజిల్, మహబూబ్‌నగర్

బాగా గమనించావు. సెన్సర్ తెగితే సాధారణంగా టక్కున ఆగుతుంది. నీ బండి నీరసించి ఆగుతోంది, పొగ లేదు. అంటే రైల్‌లో, పంపు నెట్టిన డీజిల్ ఇంజెక్టర్లకు పోయే ముందు నిలిచే గొట్టంలో, ప్రెషర్ నిలవడం లేదని నా అనుమానం. కామన్ రైల్‌లో స్టార్ట్ కావాలంటే రైల్ ప్రెషర్ ఒక హద్దు దాటాలి. బండిని బట్టి అది మారుతుంది, చాలావాటిలో 200 బార్ అటూ ఇటూ. అది దాటకపోతే నువ్వు బ్యాటరీ దిగేదాకా సెల్ఫ్ కొట్టినా ఈసీయూ ఇంజెక్టర్లకు కరెంటు ఇవ్వదు.

ప్రెషర్ ఎందుకు లేదనేది తర్వాత. ముందు డబ్బు ఖర్చు కాని వైపు నుంచి రా. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్ సరిగా వస్తోందా చూడు. ఫిల్టర్ తర్వాత ఉండే పైపులో అరచేతి పొడవు ట్రాన్స్‌పరెంట్ ముక్క వేయించు. బండి లాగలేనప్పుడు అందులో బుడగలు కనిపిస్తే ఎక్కడో ఎయిర్ పడుతోంది. పాత రబ్బరు పైపులు వేడికి మెత్తబడి క్లిప్పుల దగ్గర గాలి పీలుస్తాయి, బయటికి మాత్రం డీజిల్ కారదు, అందుకే కంటికి దొరకవు. బండి ఆగగానే ట్యాంకు మూత తెరువు. లోపలికి గాలి బుస్సుమని పోయిందంటే గాలి రంధ్రం మూసుకుపోయింది.


మిర్యాలగూడ_మిల్లు

మా మినీ లారీతో ఇదే గొడవ పడ్డాం, అందుకే రాస్తున్నాను. ధాన్యం లోడుతో హాలియా దాటితే ఆగేది, అరగంట తర్వాత స్టార్ట్ అయ్యేది. అందరూ వేడి వేడి అన్నారు. చివరికి ట్యాంకు దించి చూస్తే అడుగున ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్ ముక్క. ఎప్పుడో డబ్బాతో డీజిల్ పోసినప్పుడు పడి ఉంటుంది. బండి నడుస్తుంటే అది పీల్చే పైపు మూతికి వచ్చి అతుక్కునేది, ఇంజిన్ ఆగగానే పీల్పు పోయి కిందికి జారేది. అందుకే విశ్రాంతి ఇస్తే బాగయ్యేది, వేడితో దానికి సంబంధమే లేదు. మీకు పావు ట్యాంకుకు వస్తోందంటే ట్యాంకు జాలీ ఒకసారి తప్పకుండా చూడండి.


వంటల_వ్యాన్, వనపర్తి

నేను క్యాటరింగ్ చేస్తాను, వంట సామాను మోయడానికి వ్యాన్ పెట్టుకున్నాను. మాది చిట్యాల తమ్ముడు చెప్పిన జబ్బే. కొత్తకోట దగ్గర హైవే మీద నడుస్తుండగానే ఆర్‌పీఎం ముల్లు సున్నాకు పడిపోయింది, బండి ఆగిపోయింది. లోపల అరవై మందికి వండిన భోజనం ఉంది, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. మా డ్రైవర్ తడిగుడ్డ సెన్సర్ మీద పెట్టి కాసేపు ఆగితే స్టార్ట్ అయింది. సెన్సర్ మార్చాక మళ్లీ ఆ సమస్య రాలేదు. నల్గొండ తమ్ముడు కూడా ఆ ముల్లు చూస్తే మంచిది.


చిట్యాల_వైరింగ్

అక్కా, మీ బండిలో లక్షణం స్పష్టంగా ఉంది. ఒక మాట కలుపుతాను. ఇంజిన్ నడుస్తుండగా ముల్లు పడిపోతే సెన్సర్‌ను అనుమానించొచ్చు. ఆగిపోయాక సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం కొన్ని బండ్లలో సెన్సర్ బాగున్నా ముల్లు కదలదు. కాబట్టి స్కానర్ పెట్టి చూడటమే సరైన పద్ధతి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం అంకె కనిపిస్తే సెన్సర్ పనిచేస్తున్నట్టే, సున్నా ఉంటే సెన్సర్‌నో దాని వైర్‌నో పట్టుకోవాలి. వేడిగా ఉండి, స్టార్ట్ కాని సమయంలోనే చూడాలి సుమా. షెడ్డుకు చేరేసరికి బండి చల్లారితే అన్నీ మంచిగానే చూపిస్తుంది.


సాగర్‌రోడ్డు, నల్గొండ

అన్నలు చెప్పినవి చేశాను. ట్రాన్స్‌పరెంట్ పైపులో బుడగలు లేవు, బండి లాగలేనప్పుడు కూడా డీజిల్ నిండుగా వస్తోంది. మూత తీస్తే బుస్సు శబ్దం లేదు. ట్యాంకు జాలీలో కాస్త మట్టి ఉంది, కడిగించాను. తేడా రాలేదు.

ఒకటి మాత్రం కొత్తగా తెలిసింది. తిరుగు ప్రయాణంలో ఎల్బీ నగర్‌లో ట్యాంకు నిండా కొట్టించి చూశాను. మామూలుగా ఆగే చోట ఆగలేదు. నార్కట్‌పల్లి దాటి నల్గొండ రోడ్డు ఎక్కాక పికప్ తగ్గింది కానీ ఇంటిదాకా వచ్చేసింది. ఇదేంటో అర్థం కాలేదు.


సూర్యాపేట_లోడు

డీజిల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి చూడండి. మా దగ్గర చాలామంది అలాగే నడిపిస్తున్నారు. ఆగినప్పుడు పంపు మీద రెండు మగ్గుల చల్లటి నీళ్లు పోస్తే కూడా స్టార్ట్ అవుతుంది.


పాలమూరు_డీజిల్, మహబూబ్‌నగర్

సూర్యాపేట అన్నా, నీళ్లు పోయడం పాత రోటరీ పంపుల కాలం నుంచి ఉన్న అలవాటు. ఆ పంపుల్లో లోపలి భాగాలు అరిగితే వేడికి పల్చబడ్డ డీజిల్ పక్కనుంచి జారిపోయేది, చల్లబరిస్తే స్టార్ట్ అయ్యేది. కానీ కాలుతున్న పంపు మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు పడితే లోపలి భాగాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది, దగ్గరున్న కప్లర్లలోకి నీళ్లు పోతే ఇంకో జబ్బు. తడిగుడ్డ వేయడమే ఎక్కువ. ఆయిల్ కలిపితే డీజిల్ కాస్త చిక్కబడి కొన్నాళ్లు జబ్బు దాగుతుంది. దాగిన జబ్బును వెతకడం ఇంకా కష్టం. దయచేసి ఇప్పుడు ఏమీ కలపొద్దు.

తమ్ముడూ, ఫుల్ ట్యాంకు సంగతి నాకు చాలా పనికొచ్చింది. కామన్ రైల్‌లో పంపు పంపిన డీజిల్ అంతా మండదు. కొంత పంపు నుంచి, కొంత ఇంజెక్టర్ల నుంచి రిటర్న్ లైన్‌లో వెనక్కి ట్యాంకుకు వస్తుంది, అదీ ఇంజిన్ వేడిని మోసుకుని. ట్యాంకు నిండుగా ఉంటే ఆ వేడి డీజిల్ చాలా డీజిల్‌లో కలిసి చల్లారుతుంది. పావు ట్యాంకు ఉంటే అదే డీజిల్ మళ్లీ మళ్లీ తిరిగి వేడెక్కి పల్చబడుతుంది. డీజిల్ ప్రమాణంలో దాని చిక్కదనాన్ని 40 డిగ్రీల దగ్గరే కొలిచి చెబుతారు. మన దగ్గర ఏప్రిల్, మే మధ్యాహ్నం గాలే ఆ వేడి ఉంటుంది, ఇక పంపులోకి, ఇంజెక్టర్‌లోకి చేరే డీజిల్ ఎంత వేడిగా ఉంటుందో చూడు. ఇంజెక్టర్ లోపల వాల్వ్ కూర్చునే చోటు అరిగిపోయి ఉంటే, చిక్కటి చల్లని డీజిల్‌ను ఎలాగో ఆపుతుంది, పల్చటి వేడి డీజిల్‌ను ఆపలేదు. పంపు ఎంత నెట్టినా ఆ సందులోంచి రిటర్న్‌లోకి పోతూనే ఉంటుంది.

ఇలా డీజిల్ వెనక్కి జారిపోవడాన్నే బ్యాక్ లీకేజీ అంటారు, నాకు ఆ అనుమానం బలపడింది. కానీ అనుమానంతో ఇంజెక్టర్లు విప్పొద్దు. స్కానర్ ఉన్నవాడిని బండిలో ఎక్కించుకుని ఆ రోడ్డు మీదే తిరుగు. ఆగిన చోటే రెండు అంకెలు కావాలి: సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం, రైల్ ప్రెషర్.


సాగర్‌రోడ్డు, నల్గొండ

దొరికింది అన్నా. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి స్కానర్‌తో సహా తీసుకుపోయాను. పావు ట్యాంకు డీజిల్‌తో, మిట్ట మధ్యాహ్నం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఐడిల్‌లో ఈసీయూ అడిగిన ప్రెషర్, రైల్‌లో ఉన్న ప్రెషర్ రెండూ దాదాపు ఒకటే, 280 దగ్గర. చిట్యాల ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చేసరికి లోడ్ మీద అడిగినదానికీ ఉన్నదానికీ మధ్య సందు పెరుగుతూ పోయింది, చెక్ లైట్ వచ్చింది, ఆగింది. సెల్ఫ్ కొడితే ఆర్‌పీఎం 220 చూపిస్తోంది. రైల్ ప్రెషర్ మాత్రం 110 దాటడం లేదు. కోడ్ కూడా రైల్ ప్రెషర్ తక్కువ అనే వచ్చింది.


చిట్యాల_వైరింగ్

220 చూపిస్తోందంటే క్రాంక్ సెన్సర్ బాగుంది, కొనకండి. సెల్ఫ్ మోటార్ కూడా బాగున్నట్టే. కొన్ని బండ్లలో వేడికి సెల్ఫ్ మోటారే బరువెక్కి నెమ్మదిగా తిరుగుతుంది, అప్పుడు కూడా ప్రెషర్ లేవదు. మీకు ఆ సమస్య లేదు. ఈసీయూ మాట మర్చిపోండి.


పాలమూరు_డీజిల్, మహబూబ్‌నగర్

ఇప్పుడు మిగిలినవి మూడు: పంపు, రైల్ మీద ఉండే ప్రెషర్ వాల్వ్, ఇంజెక్టర్లు. పంపు దించడం పెద్ద పని, అది చివరిది. ముందు రిటర్న్ టెస్ట్.

ఇంజెక్టర్ల తల మీద సన్నటి రిటర్న్ పైపులు ఉంటాయి, క్లిప్ తీస్తే ఊడివస్తాయి. వాటి స్థానంలో నాలుగింటికీ ఒకే పొడవు సెలైన్ పైపులు తగిలించి, నాలుగు ఒకే సైజు సీసాల్లోకి దించాలి. అసలు రిటర్న్ లైన్ మూతికి బిరడా వేయాలి. ఐడిల్‌లో కొన్ని నిమిషాలు నడిపి, సీసాల్లో మట్టం పక్కపక్కన పెట్టి చూడాలి. స్టార్ట్ కాని వేడిలో సెల్ఫ్ కొట్టి కూడా చూడాలి. అలా చూసినప్పుడు మంచి ఇంజెక్టర్ నుంచి చుక్కలే వస్తాయి, అరిగినదాని నుంచి ధార వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చేసి నాలుగూ సమానం అని వదిలేస్తారు చాలామంది. నీ బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే నడుస్తోంది కదా, అప్పుడు టెస్ట్ కూడా బాగానే చూపిస్తుంది.

ఇది అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. మనం విప్పేది రిటర్న్ పైపులు మాత్రమే, అందులో ప్రెషర్ ఉండదు. రైల్ నుంచి ఇంజెక్టర్లకు పోయే ఇనుప పైపుల నట్టు ఇంజిన్ నడుస్తుండగా విప్పొద్దు. పాత ఇంజిన్లలో ఎయిర్ తీయడానికి నాజిల్ నట్టు లూజు చేసేవాళ్లం, ఆ అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది. వ్యాన్ టైరులో గాలి 5 బార్ కూడా ఉండదు, ఈ పైపుల్లో లోడ్ మీద వెయ్యి బార్ దాటుతుంది. ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని పని చేసుకోవద్దు, ఆ క్షణమే పెద్దాసుపత్రికి పోయి డీజిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కు చెప్పాలి.


మిర్యాలగూడ_మిల్లు

ఆ పాత అలవాటు సంగతి మా షెడ్డు పిల్లలకు చదివి వినిపించాను. ట్రాక్టర్లు చేసిన చేతులు కదా, తెలియకుండానే స్పానర్ అక్కడికే పోతుంది.


సాగర్‌రోడ్డు, నల్గొండ

టెస్ట్ అయింది. పొద్దున చల్లటి ఇంజిన్ మీద చేస్తే నాలుగు సీసాలూ దాదాపు సమానం. అక్కడే ఆగి ఉంటే ఇంజెక్టర్లు బాగున్నాయని మా మెకానిక్‌తో పంపు దింపించేవాడిని.

మధ్యాహ్నం మర్రిగూడ బైపాస్ నుంచి నార్కట్‌పల్లి దాకా లోడుతో తిప్పి, ఇంజిన్ కాలుతుండగా మళ్లీ పెట్టాం. ఒకటి, రెండు, నాలుగు సీసాల అడుగున కాస్త కాస్త చేరుతోంది. మూడో పైపులో మాత్రం చుక్కలు లేవు, సన్నటి ధార ఆగకుండా పడుతోంది. మిగతా సీసాలు అడుగు తడిసేలోపు ఇది సగం నిండింది. బండి ఆపి సెల్ఫ్ కొట్టినా అదే. చూస్తుంటే కోపం, సంతోషం రెండూ వచ్చాయి.

మా మెకానిక్ ఇంకో పని చేశాడు. ఇంజిన్ ఆపి, ప్రెషర్ దిగేదాకా ఆగి, రైల్ మీద మూడో ఇంజెక్టర్‌కు పోయే మూతికి డమ్మీ (దారి మూసే బిరడా) బిగించాడు. అదే వేడిలో సెల్ఫ్ కొడితే స్కానర్‌లో ప్రెషర్ 300 దాకా లేచింది, మూడు సిలిండర్ల మీద డబడబమంటూ స్టార్ట్ అయింది. పంపు బాగున్నట్టే కదా అన్నా?


పాలమూరు_డీజిల్, మహబూబ్‌నగర్

బాగున్నట్టే, రైల్ వాల్వ్ కూడా. ఆ డమ్మీ వేసిన మెకానిక్‌ను వదులుకోకు తమ్ముడూ, పని తెలిసినవాడు.

నాలుగు ఇంజెక్టర్లూ విప్పించి టెస్ట్ బెంచ్ ఉన్న షాపుకు ఇవ్వు. అన్నీ మార్చమంటే ఒప్పుకోకు, బెంచ్ మీద ప్రతిదాని లెక్క కాగితం మీద అడుగు. బిగించేటప్పుడు కింద రాగి వాషర్లు నాలుగూ కొత్తవే వేయాలి, కూర్చునే చోటు మసి లేకుండా శుభ్రం చేయాలి. లేకపోతే పక్కనుంచి గ్యాస్ తన్ని కొన్నాళ్లకు హెడ్‌లోనే ఇంజెక్టర్ పట్టేస్తుంది. నీ బండి ఇంజెక్టర్ మీద అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ చెక్కి ఉంటే, మార్చినదాని కోడ్ స్కానర్‌తో ఈసీయూలో రాయించాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

ఇంజెక్టర్ ఊరికే అరగదు. ఫిల్టర్ అడుగున నీళ్లు ఉన్నాయా చూశావా?


సాగర్‌రోడ్డు, నల్గొండ

మూడోది బాగుచేయడానికి రాదన్నారు, రీకండిషన్ చేసినది వేశారు. మిగతా మూడు బెంచ్ మీద పాస్, రెండోది మాత్రం అంచున ఉందట, ఏడాది చూడమన్నారు. బిగించగానే ఐడిల్ వణికింది, పొగ వచ్చింది. కోడ్ రాశాక రెండూ పోయాయి.

ఫిల్టర్ కింద స్క్రూ విప్పితే టీ గ్లాసు నిండా మురికి నీళ్లు వచ్చాయి, అడుగున తుప్పు రంగు మడ్డి. నేను కొత్త ఫిల్టర్ వేసి ఎంతో కాలం కాలేదు. అంటే ట్యాంకులోనే ఉంది. ట్యాంకు దించి కడిగించాను. మీటర్‌లో నీళ్ల లైట్ (ఫిల్టర్‌లో నీళ్లు చేరితే వెలిగేది) బల్బు తీసేసి ఉంది, అమ్మినవాళ్లే తీశారో అంతకు ముందువాళ్లో.

ఎండ బాగా ఉన్న మధ్యాహ్నాలే చూసి, పావు ట్యాంకుతో, లోడుతో తిరిగాను. పంతంగిలో క్యూలో ఆపి కావాలనే ఇంజిన్ బంద్ చేసి మళ్లీ కొట్టాను. సెల్ఫ్ అందుకోగానే స్టార్ట్. పాలమూరు అన్నా, మీరు మా వైపు వస్తే మా ఇంట్లో భోజనం చేసి పోవాలి.


వంటల_వ్యాన్, వనపర్తి

చదువుతుంటే నాకే ఊపిరి ఆడింది తమ్ముడూ. అన్నా, ఆ ఫిల్టర్ నీళ్లు మేమే తీసుకోవచ్చా, షెడ్డుకే పోవాలా?


పాలమూరు_డీజిల్, మహబూబ్‌నగర్

మీరే తీసుకోవచ్చు అక్కా. పొద్దున బండి కదలకముందు చేయండి, రాత్రంతా నిలబడితే నీళ్లు అడుగుకు దిగుతాయి. ఫిల్టర్ కింద గ్లాసు పెట్టి స్క్రూ కొద్దిగా తిప్పండి. రాకపోతే పైనున్న హ్యాండ్ పంపు నాలుగుసార్లు నొక్కండి. ముందు నీళ్లు, తర్వాత శుభ్రమైన డీజిల్ వస్తుంది. డీజిల్ రాగానే బిగించి, మళ్లీ హ్యాండ్ పంపు గట్టిపడేదాకా కొట్టి స్టార్ట్ చేయండి. మామూలు రోజుల్లో నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి చాలు. డబ్బాల్లో తెచ్చిన డీజిల్ పోస్తే మాత్రం మర్నాడే ఒకసారి తీసి చూడండి.


చిట్యాల_వైరింగ్

సాగర్‌రోడ్డు బ్రదర్, ఆ నీళ్ల లైట్ బల్బు వేయించండి. ఇటు వచ్చినప్పుడు షెడ్డు దగ్గర ఆగితే వైరింగ్ కూడా చూస్తాను. లైట్ ఎప్పుడూ వెలుగుతోందని బల్బు పీకేసి ఉంటారు, సెన్సర్ దగ్గర వైర్ తెగి ఉండే అవకాశం కూడా ఉంది.